ఇంటి ముందు దేగ్

ఆదివారం పొద్దున అహ్మద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి ముందు ఒక పెద్ద దేగ్ పెట్టాలి. అందులో యాభై మందికి సరిపడా బిర్యానీ వండాలి. వండుతున్నంతసేపూ సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. మధ్యాహ్నానికల్లా ఆ బిర్యానీని దర్గా దగ్గర పంచిపెట్టి, దేగ్ కడిగి ఇచ్చేసి, ఏమీ ఎరగనట్టు ఇంట్లో కూర్చోవాలి.

వండటం, తీయటం, పంచటం ఆయనకు కష్టం కాదు. ఏమీ ఎరగనట్టు కూర్చోవటమే కాస్త కష్టం.

అహ్మద్ కాజీపేట రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇంజన్లు బాగుచేసినందుకంటే తోటివాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు బిర్యానీ వండిపెట్టినందుకే ఆయనకు ఎక్కువ పేరొచ్చింది. రిటైరయ్యాక పేరుతో పాటు నాలుగు రాళ్ళు కూడా వస్తే బాగుండుననిపించింది. పక్క వీధిలో ఒకతను మేకపిల్లకు స్నానం చేయించే వీడియోలు పెట్టి ఫ్రిజ్ కొన్నాడని తెలిశాక ఆ అనిపించటం పట్టుదలగా మారింది. ‘దేగ్ దునియా’ అని ఒక ఛానల్ పెట్టాడు. మొహం చూపించడానికి సిగ్గు. అందుకని చేతులు మాత్రమే చూపించేవాడు. వేలికి పచ్చరాయి ఉంగరం, మణికట్టు మీద వేడి ఇనుము తగిలి పడిన నెలవంక లాంటి మచ్చ. ఛానల్ చూసేవాళ్ళకు అహ్మద్ అంటే అంతే.

చూసేవాళ్ళు బాగానే పోగయ్యారు. కానీ ఆదాయం మొదలవ్వాలంటే ఏడాదిలో ఇన్ని గంటలపాటు జనం ఆ వీడియోలు చూసి ఉండాలని కంపెనీ నియమం. ఏడాది దాటిన గంటలు లెక్కలోంచి జారిపోతాయి. పోయినేడు పెట్టిన హలీం వీడియో ఒక్కటే అహ్మద్‌కు కొండంత అండ. జనం దాన్ని ఎగబడి చూసిన వారానికి ఇప్పుడు ఏడాది నిండబోతోంది. ఆ గంటలు జారిపోయేలోపు ఇంకో పెద్ద వీడియో పడితే గీత దాటుతాడు. లేకపోతే మళ్ళీ మొదటికొస్తాడు. ఇంత పెద్ద దేగ్‌లో వండితేనే జనం కళ్ళార్పకుండా చూస్తారని కూతురు రుహీ తేల్చి చెప్పింది. ఫోన్ ఎక్కడ పెట్టాలో, ఎండ ఎటువైపు ఉండాలో, ఎక్కడ కత్తిరించాలో ఆ ఇంట్లో తెలిసింది రుహీ ఒక్కదానికే.

భార్య రజియా మాత్రం పొద్దున్నే వద్దంది. "నర్సంపేటోల్ల కబురు రానియ్యరాదు? గింతల ఏం కొంప మునుగుతాంది?" అని అడిగింది. కొంప కాదు, గంటలు మునుగుతున్నాయని అహ్మద్ చెప్పాడు.

నర్సంపేట సంగతి ఇది. అక్కడ ఎరువుల దుకాణం నడిపే అర్షద్ సాబ్ చిన్నకొడుకు కాశిఫ్‌కు రుహీని అడిగారు. కుర్రవాడు సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. సంబంధం తెచ్చింది అహ్మద్ అక్క, కొత్తవాడ ఆపా. చూపులయ్యాయి. పెద్దల అనుమతితో పిల్లలిద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. అప్పటినుంచి రుహీ ఎవరూ ఫోన్ చేయకపోయినా ఫోన్ చూసి నవ్వుకుంటోంది. ఒక్కగానొక్క కూతురు. ఆ నవ్వు చూశాక, తన వల్ల ఈ సంబంధం తప్పిపోతే ఇంట్లో మళ్ళీ తలెత్తుకు తిరగలేనని అహ్మద్‌కు అర్థమైపోయింది.

అర్షద్ సాబ్ ఇచ్చిపుచ్చుకోవడాల మాటే ఎత్తలేదు. ఒక్కటే షరతు పెట్టాడు.

"భాయ్ సాబ్, నేను వేడన్నం తిని రెండేండ్లయితాంది. మా పెద్దకోడలు సుమేరా వంటల ఛానల్ పెట్టింది. కూర పొయ్యి మీదికెల్లి దిగంగనె ఫోన్ ముందట కూసుంటది. మూత తీసుడు, గంటె పెట్టుడు, కొత్తిమీర సల్లుడు, మల్ల మూత పెట్టుడు. గివన్ని అయినంక నా పల్లెంలకు వస్తది. అప్పటికి మీద నూనె పేరుకుంటది. చిన్నకోడలన్న వీడియోల పిచ్చి లేని ఇంట్లకెల్లి రావాలె. గంతే నేనడిగేది."

"తౌబా తౌబా, మా ఇంట్ల గసొంటివి సాగయి," అన్నాడు అహ్మద్. అంటూనే ఉంగరం ఉన్న చేతిని నెమ్మదిగా వీపు వెనక్కి తెచ్చుకున్నాడు. ఊళ్ళో పెద్దలతో మాట్లాడి కబురు చేస్తానని అర్షద్ సాబ్ వెళ్ళాడు. ఆ కబురు కోసమే ఇల్లంతా చెవులు రిక్కించి ఉంది.

దేగ్ కిరాయికిచ్చేది ఉప్పలయ్య. ఆయన ట్రాలీ ఆటోలో దేగ్ వచ్చింది. దేగ్ వెనక ఇనుప గుంజలు, వాటి వెనక ఎర్రచారల షామియానా గుడ్డ, దాని వెనక కుర్చీలు దిగాయి.

"నేను దేగొక్కటే అడిగిన గదనే," అన్నాడు అహ్మద్.

"నువ్వు అడగవని నాకెర్కే అహ్మద్ భాయ్," ఉప్పలయ్య గుంజలు పాతుతూనే అన్నాడు. "కిరాయి ఫికర్ వద్దు. మా తమ్ముని లగ్గంల నువ్వు దేగులకు దేగులు వండి చాయ గూడ తాగకుంట పోయినవ్. ఇయ్యాల నీ ఇంటి ముందట చుట్టాలు ఎండల కూసుంటె నా ఇజ్జత్ ఏంగావాలె?"

ఆ వీధిలో దేగ్ ఎప్పుడూ ఒంటరిగా బయటికి రాదు. ఎవరింటి ముందైనా దేగ్ దిగిందంటే వెనకే షామియానా రావాలి, షామియానా వెనక చుట్టాలు రావాలి. ఆ వరస ఇంతవరకు తప్పలేదు. ఒక్కడే దేగ్ పెట్టుకొని, వండుకొని, ఎవరినీ పిలవకుండా ఎత్తుకుపోయిన మనిషి కాజీపేట చరిత్రలో లేడు. వీడియో కోసమని చెబుదామంటే ఆ మాట నర్సంపేట చేరడానికి ఒక్క బస్సు చాలు. నీడకు మంచిదేలే అని అహ్మద్ సర్దుకున్నాడు. రుహీ ఆ గుంజల్లో ఒకదానికి ఫోన్ కట్టి, ఇంత మంచి జాగా ముందే ఎందుకు తోచలేదా అనుకుంది.

ఉల్లిపాయలు వేగుతుండగా ఎదురింటి మొగిలమ్మ వచ్చింది. వీధి మొత్తానికి పాలు పోసేది ఆమే. పాలతో పాటు ఏ ఇంటి వార్త ఏ ఇంటికి చేరాలో చూసుకునేదీ ఆమే. ఆమె షామియానా చూసింది. దేగ్ చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ రుహీ చేతులు చూసింది. ఆ చేతులకు మోచేతుల దాకా మెహందీ ఉంది.

మెహందీ రుహీ ఆలోచనే. వీడియోలో చేతులే కనపడతాయి కాబట్టి, వడ్డించే చేతులు అందంగా ఉంటే చూసేవాళ్ళు మధ్యలో లేచిపోరని ఆమె లెక్క. వీడియోల సంగతి తెలిసినవాళ్ళకు అది సబబైన లెక్క. మొగిలమ్మకు వీడియోల సంగతి తెలియదు. పెళ్ళిళ్ళ సంగతి తెలుసు.

"ఏం ఫంక్షనన్నా?" అని అడిగింది.

"ఏం లేదక్కా. గిట్లనే, చిన్న ఖుషీ."

"ఎవలి ఖుషీ?"

"అందరిది," అన్నాడు అహ్మద్, గంటె తిప్పుతూ.

మొగిలమ్మ అంతా తెలిసిన దానిలా నవ్వింది. "సెప్పొద్దనుకుంటె సెప్పకు తియ్. దిష్టి తగుల్తది," అని, పాలకు తోడు ఒక పెద్ద గిన్నెడు పెరుగు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆపైన ఇంటికెళ్ళి కొత్తవాడ ఆపాకు ఫోన్ చేసింది. ఆపా ఇంట్లో నేసే జంపఖానాలను ఈ వీధిలో అమ్మిపెట్టేది మొగిలమ్మే కాబట్టి ఇద్దరికీ స్నేహం. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. రుహీ నిశ్చితార్థానికి మేనత్త ఇంకా రాలేదే, బండి దొరకలేదేమో, అని కనుక్కుందామనుకుంది.

మాంసం ఉడుకుతుండగా పొరుగింటివాళ్ళు స్వీటు డబ్బాతో వచ్చారు. వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు రుహీకి బట్టల జత తెచ్చారు. ఇవేవీ వద్దని అహ్మద్ చేతులూపాడు. షామియానా కింద నిలబడి కానుక వద్దంటే ఎవరు మాత్రం నమ్ముతారు? మొహమాటపడుతున్నాడనుకొని వాళ్ళు ఇంకాస్త గట్టిగా చేతిలో పెట్టారు. కూర్చున్నవాళ్ళను చూసి దారిన పోయేవాళ్ళు కూర్చున్నారు. ఉప్పలయ్య రెండో విడత తిరిగొచ్చాడు. ఈసారి ఆయన ట్రాలీలో ఎర్ర మఖ్మల్ కుట్టిన రెండు సింహాసనాలున్నాయి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునేవి.

"గివెందుకు ఉప్పలయ్యా?" అన్నాడు అహ్మద్.

"మొగిలమ్మ సెప్పింది తియ్," అన్నాడు ఉప్పలయ్య. ఆయన కళ్ళలో, తన దగ్గర దాచిన స్నేహితుణ్ణి క్షమించినవాడి పెద్దరికం కనపడింది.

అహ్మద్ రజియా వైపు చూశాడు. రజియా ఆకాశం వైపు చూసింది. ఏదైతే అది అవుతుందని బియ్యం పొరలు పరిచి, దేగ్ అంచుకు పిండి పట్టించి, మూత బిగించి, మూత మీద నిప్పులు పోసి దమ్ పెట్టేశాడు. ఇక ఆ దేగ్‌ను దాచడానికి లేదు, ఆపడానికి లేదు.

అప్పుడే వీధి మొదట్లో ఆటో ఆగింది. కొత్తవాడ ఆపా దిగింది. భుజం మీద చుట్టిన జంపఖానా ఉంది. ఎవరివైపూ చూడకుండా నడిచి వచ్చి, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్న వైపు సరిగ్గా దారికి అడ్డంగా ఆ జంపఖానా పరిచి, దాని మీద కూర్చుంది.

"ఆపా, పైన కూసో," అన్నాడు అహ్మద్.

"కుర్సీలల్ల పిలిచినోల్లు కూసుంటరు. నన్నెవలు పిలిచిండ్లు? నా గుడ్డ నేను తెచ్చుకున్న, నా నీళ్లు నేను తెచ్చుకున్న. మీ ఇంట్ల నాకేం వద్దు," అంది ఆపా. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి పక్కన పెట్టుకుంది.

నిశ్చితార్థం ఏమీ లేదని అహ్మద్ ఒట్టు పెట్టుకున్నాడు. ఆపా రుహీ చేతులను, షామియానాను, సింహాసనాలను వేలితో ఒక్కొక్కటిగా చూపించింది. ఆ మూడింటికీ ఒట్టు చాలలేదు.

"సంబంధం తెచ్చింది నేను. ఆడపడుచును నేను. నన్నిడిసిపెట్టి ముహూర్తం పెట్టుకుంటరా? నేనూర్కె ఊకుంటననుకున్నవా తమ్మీ? నర్సంపేటకు గూడ ఫోన్ కొట్టిన. మీరన్న ఒక్క మాట చెప్పద్దా అని అర్షద్ సాబ్‌ను కడిగిన."

అహ్మద్ జంపఖానా దగ్గరికి వంగాడు. "ఆయనేమన్నడు?"

"ఏమంటడు? మేమింక జవాబే చెప్పలేదు గద, నిశ్చితార్థం ఎవలితోని అన్నడు." ఆపా అక్కడ ఆగింది. ఆ మాట ఆమె ఫోన్లో వింది కానీ, కోపంలో దాని అర్థం ఇప్పటిదాకా చెవి దాటి లోపలికి వెళ్ళలేదు. "అవునురా. ఎవలితోని?"

"ఆపా, ఇంకేమన్నడు?"

"బయల్దేరుతాన్నం అన్నడు."

అహ్మద్ పొయ్యి పక్కన ఉన్న ఇటుక మీద కూలబడ్డాడు. నిశ్చితార్థమే అంటే పెళ్ళికొడుకును చూపించాలి. ఏ ఫంక్షనూ లేదంటే దేగ్‌కు, మెహందీకి, సింహాసనాలకు కారణం చెప్పాలి. వీడియో అంటే షరతు తప్పినట్టే. ఎటు తిరిగినా అర్షద్ సాబ్ లేదన్న మాట దగ్గరికే వచ్చి చేరుతున్నాడు. రుహీ నవ్వడం మానేసింది. ఫోన్ వంక చూడటం కూడా మానేసింది. అది చూశాక అహ్మద్ లేచాడు. హలీం గంటలు జారిపోతే పోనీ అనుకున్నాడు. గుంజకు కట్టిన ఫోన్ విప్పి దాచెయ్యమని కూతురికి సైగ చేశాడు. షామియానా దింపమని ఉప్పలయ్యను బతిమాలాడు. ఎత్తిన షామియానా భోజనాలు కాకముందు దింపితే ఆ ఇంటికి మంచిది కాదని, తన చేతులతో ఆ పని చేయలేనని ఉప్పలయ్య చెవులు పట్టుకున్నాడు.

నర్సంపేట కారు వచ్చి ఆగింది. ముందు అర్షద్ సాబ్ దిగాడు. వెనక ఇద్దరు పెద్దమనుషులు దిగారు. ఆ వెనక సుమేరా పెద్ద చేతిసంచితో దిగింది. అందరికంటే చివర, చెడ్డ రిపోర్టు తన చేతుల్తోనే రాయాల్సి వచ్చినవాడిలా కాశిఫ్ దిగాడు.

అర్షద్ సాబ్ సలాం చెప్పలేదు. రెండు సింహాసనాల ముందుకు నడిచి వెళ్ళి, వాటిని కిందినుంచి పైదాకా చూశాడు.

"కూసునేటోడు ఏడి?" అని అడిగాడు.

అహ్మద్ గడప వైపు చూశాడు. దేగ్ లోపలినుంచి సన్నగా ఉడుకుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

రజియా తల మీద దుపట్టా సర్దుకొని గడప దాటి వచ్చింది.

"కూసునేటోడు మీ ఎన్కనే నిలవడ్డడు భాయ్ సాబ్," అంది.

అర్షద్ సాబ్ వెనక్కి తిరిగి చూశాడు. కాశిఫ్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక కారు తప్ప ఎవరూ లేరని తెలిశాక ఆ కుర్రవాడి మొహంలో రంగు వచ్చింది.

"రెండేండ్ల సంది మీరు వేడన్నం తినలేదని చెప్పిన కాడికెల్లి మా ఇంట్ల ఎవలికి ముద్ద దిగుతలేదు," రజియా చాలా నెమ్మదిగా చెప్పుకుపోయింది. "దేగ్ మీ ముందటనే తీసి, ఆవిరి పోకముందే మీ పల్లెంల పెట్టాలె, ఆడ్నే మీ నోటి మాట వినాలె అనుకున్నం. మీరు సరే అంటె చేతులకు మెహందీ లేకుంట ఎట్ల? అందుకే పెట్టినం. ఇగ పిలుపంటరా, పెద్దోల్ల నోటితోని పోతేనే కళ. గందుకే ఆపా ఫోన్ చేసింది."

షామియానా కింద ఉన్న తలలన్నీ ఆపా వైపు తిరిగాయి. ఆపా తన జీవితంలో ఇంత న్యాయమైన మాట వినలేదు. జంపఖానా మీద నుంచి లేచింది. దాన్ని రెండు చేతులా దులిపి, మడతపెట్టి, తీసుకెళ్ళి దేగ్ పక్కన అర్షద్ సాబ్ కోసం పరిచింది.

"మరి నేను పిలువక ఎవలు పిలుస్తరు?" అంది.

అర్షద్ సాబ్ కోపం ఇంకా మొహం మీదే ఉంది. కానీ ఆయన ముక్కు దేగ్ వైపు తిరిగింది. పిండి చీలిన చోట నుంచి సన్నటి ఆవిరి వస్తోంది. ఆయన ఆ జంపఖానా మీద మెల్లగా కూర్చున్నాడు. గండం గట్టెక్కిందని అహ్మద్ మూత మీది నిప్పులు తీయడానికి వంగాడు. సరిగ్గా అప్పుడే ఆయన చెవి దగ్గర గుసగుస వినిపించింది.

"చాచా, ఈ ఉంగరం నాకు ఎరుకే."

సుమేరా. ఆమె కళ్ళు పచ్చరాయి మీద నుంచి మణికట్టు మచ్చ మీదికి దిగాయి.

"దేగ్ దునియా. మీ హలీం వీడియో సూసే నేను హలీం నేర్సుకున్న. మీరే అని తెలిస్తె అబ్బాజాన్ గీ జంపఖానా మీద ఇంకో నిమిషం గూడ కూసోడు."

"బిడ్డా, జర నా ఇజ్జత్ కాపాడు," అన్నాడు అహ్మద్ పెదవులు కదపకుండా.

"నేనెవలికి చెప్త చాచా, మనం మనం ఒక్కటే గద," అంది సుమేరా. చేతిసంచిలోంచి స్టాండు తీసింది, చిన్న లైటు తీసింది. "మూత తీసే షాట్ నాకిడిసిపెట్టుండ్రి. అంతే."

ఆ ఒక్క షాట్ కోసమే అహ్మద్ పొద్దున లేచాడు. దేగ్ వీడియోలో మొత్తం ప్రాణం మూత లేచే క్షణంలోనే ఉంటుంది. ఆయన రుహీ వైపు చూశాడు. రుహీ కాశిఫ్ వైపు చూస్తోంది. అహ్మద్ భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకొని, ఉంగరం కనపడకుండా చేసుకొని, తల ఊపాడు.

మరిది నిశ్చితార్థం గుర్తుగా ఉంటుందని సుమేరా ప్రకటించగానే కుర్చీల్లోని వాళ్ళందరూ తమ తమ ఫోన్లు పైకెత్తారు. అర్షద్ సాబ్ ఒకసారి కళ్ళు మూసుకొని తెరిచాడు. మూత లేచింది. తెల్లటి ఆవిరి షామియానా అంచు దాకా ఎగసింది. అందరూ ఆహా అన్నారు.

"చాచా, మల్ల ఒక్కసారి. ఎవలిదో తలకాయ అడ్డమొచ్చింది," అంది సుమేరా.

మూత మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. ఈసారి ఆవిరి తక్కువ పడింది కాబట్టి కాసేపు మూసి ఉంచి ఇంకోసారి తీయించింది. గంటె లోపలికి దిగేటప్పుడు ఒకసారి, పైకొచ్చేటప్పుడు ఒకసారి ఆపించింది. ఎట్టకేలకు నిండుగా వడ్డించిన పళ్ళెం అర్షద్ సాబ్ ముందుకు వచ్చింది. ఆయన చేయి చాపాడు.

"అబ్బాజాన్, ముట్టకుండ్రి. పైకెల్లి ఒక్కటి తీస్త."

"భాబీ, ఎండ ఎదురుంగున్నది. ఇటు దిక్కు నుంచి తియ్యి, మెతుకు మెతుకు కనవడ్తది," అంది రుహీ. అనేశాక నాలుక కరుచుకుంది. అదృష్టవశాత్తూ అర్షద్ సాబ్ ఏమీ వినలేదు. ఆయన లోకంలో అప్పుడు ఆ పళ్ళెం తప్ప ఇంకేమీ లేదు. సుమేరా మాత్రం వింది. రుహీ చెప్పినట్టే ఇటు వైపుకు వచ్చి తీసింది. తీసినదాన్ని ఒకసారి చూసుకొని, రుహీ వైపు కొత్తగా చూసింది.

చివరికి అనుమతి దొరికింది. అర్షద్ సాబ్ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. బిర్యానీ అద్భుతంగా ఉంది. చల్లగా ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. దువా చేసుకుంటున్నాడనుకొని చుట్టూ ఉన్నవాళ్ళు గౌరవంగా తలలు వంచారు. అహ్మద్ మాత్రం, సంబంధం ఆ ముద్దతో పాటే కిందికి దిగిపోయిందనుకున్నాడు.

అర్షద్ సాబ్ కళ్ళు తెరిచి పెద్దకోడలి వైపు చూశాడు. ఆ తరవాత మెహందీ చేతులతో నీళ్ళ గ్లాసు పట్టుకొని నిలబడ్డ రుహీ వైపు చూశాడు. ఆ చేతుల్లో ఫోన్ లేదు.

"భాయ్ సాబ్," అన్నాడు. "జవాబు ఇయ్యాల్నే చెప్తాన్న. తారీఖు గూడ గిప్పుడే పెడ్దాం. ఆలిస్యం వద్దు. ఒక్క పూటన్న వేడి ముద్ద పెట్టే మనిషి మా ఇంట్లకు జల్ది రావాలె."

ఎవరూ చెప్పకముందే కాశిఫ్ వెళ్ళి సింహాసనంలో కూర్చున్నాడు. ఆపా రుహీ చెయ్యి పట్టుకొని తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. రుహీ మొహంలో నవ్వు తిరిగొచ్చింది. ఈసారి ఎదురుగా మనిషే ఉన్నాడు. కంటికి సింహాసనాలు నిండుగా ఉన్నాయని ఉప్పలయ్య సంతోషపడ్డాడు. తానే ఈ పెళ్ళి చేసినట్టు మొగిలమ్మ అందరికీ పెరుగు వడ్డించింది.

దర్గా దగ్గర పంచడానికి మెతుకు మిగలలేదు. అహ్మద్ వచ్చే శుక్రవారం జుమ్మాకు ఇంకో దేగ్ మొక్కుకున్నాడు. సాయంత్రం షామియానా దింపాక, పొద్దున అనుకున్నట్టే ఏమీ ఎరగనట్టు ఇంట్లో కూర్చున్నాడు. ఏమీ ఎరగనట్టు కూర్చుంటే మనసు ఊరుకోదు. మూత తీసింది తప్ప మిగతా వంటంతా రుహీ ఫోన్లో ఉంది. రజియా వంక చూడకుండా సుమేరాకు ఫోన్ చేసి, ఆ చిన్న ముక్క ఇమ్మని అడిగాడు. సుమేరా నిజంగా మంచి మనిషి. అడగ్గానే పంపింది. అహ్మద్ దాన్ని తన వీడియో చివర అతికించి ఛానల్‌లో పెట్టాడు.

సుమేరా వీడియోకు అప్పటికే జనం వెల్లువలా వచ్చిపడ్డారు. తువ్వాలు చుట్టుకున్న ఆ వంటమనిషి ఎవరని కింద చాలామంది అడిగారు. మర్నాడు కంపెనీ నుంచి అహ్మద్‌కు కబురొచ్చింది. ఆయన వీడియోలో వేరొకరి ఛానల్ నుంచి ఎత్తుకొచ్చిన దృశ్యం ఉందట. అందుకని దాన్ని జనం చూసిన గంటలు లెక్కలోకి రావట. దాన్ని సరిచేసేలోపు హలీం గంటలు కూడా జారిపోయాయి. రజియాకు చెప్పాడు. రజియా మళ్ళీ ఆకాశం వైపు చూసింది.

పెళ్ళి వరికోతలయ్యాక జరిగింది. రుహీ నర్సంపేట వెళ్ళిన కొన్నాళ్ళకు సుమేరా ఛానల్ పేరు మారింది. ఇప్పుడది ‘తోడికోడళ్ళ వంటిల్లు’. ఎండ ఎటువైపు ఉండాలో ఒకరు చెబితే, కొత్తిమీర ఎప్పుడు చల్లాలో ఇంకొకరు చెబుతారు. ఆదాయం బాగా వస్తోంది. అర్షద్ సాబ్ అన్నం మాత్రం ఒకటికి రెండు ఫోన్ల ముందు చల్లారుతోంది. కోడళ్ళిద్దరూ కలిసి మొదటి ఆదాయంతో మామగారికి ఒక మంచి హాట్‌బాక్సు కొన్నారు. దాని మూత తీసే వీడియో ఇంకా తీయలేదు కాబట్టి, అది అట్టపెట్టెలోనే ఉంది.